ఒక గొట్టంలో మూడు దారులు

తెలుగులో సెలైన్ పెట్టరు, ఎక్కిస్తారు. రక్తం కూడా ఎక్కిస్తారు. గ్లూకోజు కూడా అంతే. సీసా పైన ఉంటుంది, మనిషి కింద పడుకుని ఉంటాడు, నీళ్ళు పైనుంచి కిందికి దిగుతాయి. అయినా మనం "ఎక్కించారు" అంటాం. "రెండు బాటిళ్ళు ఎక్కిస్తే లేచి కూర్చుంటాడు" అనే మాట వినకుండా మా తరంలో ఎవరూ పెరగలేదు. నేను చదివింది ఇంగ్లీషు మీడియంలో. తెలుగు రాయడం అరవై దగ్గర పడ్డాక సొంతంగా నేర్చుకున్నాను. అందుకే ఇలాంటి మాటలు ఇప్పటికీ నన్ను ఆపేస్తాయి. ఊరికి వెళ్ళేవాళ్ళని రైలు ఎక్కించినట్టు, మందుని రక్తంలోకి ఎక్కించి పంపుతాం అని నాకు నేను అర్థం చెప్పుకున్నాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. పుస్తకంలో రక్తాన్ని గుండెకు తీసుకువెళ్ళేది సిర. నోటితో అనేది నరం. "నరం దొరకట్లేదమ్మా" అని నర్సు అంటే అందరికీ అర్థమవుతుంది. "సిర లభించుట లేదు" అంటే ఎవరైనా నవ్వుతారు. నేను ఇక్కడ నరం అనే రాస్తాను. కాథెటర్‌కి మన ఇళ్ళల్లో వేరే మాట వినలేదు, గొట్టం అంటే సరిపోతుంది. ఒకే గొట్టంలో లోపల రెండు మూడు వేరు వేరు సందులు ఉంటే వాటిని దారులు అంటాను. ఈ దారుల కథే ఈసారి చెప్పదలచుకున్నది.

మొదటి ప్రయత్నం ఇంగ్లండులో. 1628లో విలియం హార్వీ రక్తం శరీరమంతా తిరిగి మళ్ళీ గుండెకే వస్తుందని పుస్తకం రాశాడు. రక్తం అలా తిరుగుతుంటే, ఒక చోట ఏదైనా కలిపితే అది ఒళ్ళంతా చేరాలి కదా. 1656లో ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ రెన్ ఈ సంగతి ఒక కుక్క మీద చేసి చూశాడు. తరువాత లండన్‌లో సెయింట్ పాల్స్ కెథీడ్రల్ కట్టిన రెన్ ఈయనే. ఆయన గొట్టం పక్షి ఈక కాడ. సీసా బదులు జంతువు మూత్రాశయం, అంటే ఒక తోలు సంచి. కుక్కకి మత్తు ఎక్కింది, బతికింది. గొట్టం, సంచి, నరం: ఈనాటి డ్రిప్పులో ఉన్న మూడు వస్తువులూ అప్పుడే ఉన్నాయి.

అక్కడినుంచి మనుషుల దాకా వెళ్ళడానికి తొందరపడ్డారు. 1667లో పారిస్‌లో ఝాఁ బాప్టిస్ట్ డెనీ అనే వైద్యుడు గొర్రెపిల్ల రక్తం మనిషికి ఎక్కించాడు. ఒక రోగి చనిపోయాడు, గొడవ కోర్టు దాకా పోయింది, ఆ పని నిషేధించారు. ఆ తరువాత చాలాకాలం ఎవరూ గట్టిగా దీని జోలికి పోలేదు.

మళ్ళీ తలుపు తీసింది కలరా. ఈ భాగం నాకు చాలా ఇష్టం, కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్తాను.

బెంగాల్‌నుంచి బయలుదేరిన కలరా దేశాలు దాటి 1831లో ఇంగ్లండు ఓడరేవు సండర్‌లాండ్ చేరింది. విలియం బ్రూక్ ఓషాక్నెసీ అనే ఐరిష్ కుర్రాడు అక్కడికి వెళ్ళాడు. ఎడింబరోలో వైద్యం చదివాడు, వయసు ఇరవై రెండు. రోగుల రక్తం తీసి పరీక్ష చేశాడు. రక్తం చిక్కగా నల్లగా ఉంది. అందులోంచి నీళ్ళు పోయాయి, ఉప్పు పోయింది, క్షారం పోయింది. పోయినవన్నీ విరేచనంలో ఉన్నాయి. అంటే రోగి విషంతో కాదు, ఎండిపోయి చస్తున్నాడు. ఆ రోజుల్లో వైద్యులు కలరా రోగికి చేసే పని ఏమిటో తెలుసా? ఒంట్లోంచి ఇంకా రక్తం తీసేవాళ్ళు! పోయిన ఉప్పునీళ్ళు నరంలోకి తిరిగి ఇవ్వమని ఓషాక్నెసీ పత్రికలో రాశాడు. కానీ తాను మనిషికి ఇవ్వలేదు.

ఇచ్చినవాడు థామస్ లాటా. ఎడింబరో పక్కన లీత్ అనే రేవు ఊళ్ళో వైద్యుడు. 1832 మే నెలలో, ముందు పెద్దపేగు ద్వారా ఉప్పునీళ్ళు ఇచ్చి చూశాడు, పని చెయ్యలేదు. అప్పుడు దాదాపు చనిపోయే స్థితిలో ఉన్న ఒక ముసలావిడ చేతి నరంలో గొట్టం పెట్టి, గోరువెచ్చని ఉప్పు, సోడా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా పంపాడు. మొదట ఏమీ కనబడలేదు. పంపుతూనే ఉన్నాడు. అరగంటలో ఆరు పింట్లు, అంటే ఇప్పటి లెక్కలో మూడు లీటర్ల పైనే. ఆవిడ లోతుకు పోయిన కళ్ళు తేరుకున్నాయి, చేతులు వెచ్చబడ్డాయి, నాడి తిరిగి వచ్చింది. ఆవిడ హాస్యం కూడా ఆడింది, కాస్త నిద్రపోతే చాలు అంది. లాటా ఆవిడని ఆస్పత్రి సర్జనుకి అప్పజెప్పి వెళ్ళాడు. వాంతులు విరేచనాలు మళ్ళీ మొదలయ్యాయి. మళ్ళీ ఎవరూ ఎక్కించలేదు. కొన్ని గంటల్లో ఆవిడ పోయింది.

తప్పు ఎక్కడుందో లాటాకి అర్థమైంది. ఒకసారి ఇచ్చి వదిలేస్తే లాభం లేదు. పోతున్నంతకాలం ఇస్తూనే ఉండాలి. తరువాతి రోగుల్లో కొందరు బతికారు. కానీ 1833లో లాటా క్షయతో చనిపోయాడు, కలరా కూడా ఆ దేశంలో తగ్గిపోయింది, పద్ధతిని పట్టించుకునేవాళ్ళు కరువయ్యారు. ఓషాక్నెసీ అదే ఏడాది ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో కలకత్తా వచ్చాడు. కలరా పుట్టిన చోటికే వచ్చాడు, కానీ సెలైన్ పని కొనసాగించలేదు. కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పాడు, గంజాయి మీద పరిశోధన చేశాడు, చివరికి భారతదేశంలో టెలిగ్రాఫు తీగలు వేయించి సర్ బిరుదు తెచ్చుకున్నాడు. మా తాతగారి కాలంలో ఊళ్ళకి వచ్చిన టెలిగ్రాములకీ, చేతికి ఎక్కించే సెలైన్‌కీ మూలపురుషుడు ఒకడే అని తెలిసిన రోజు నేను ఇంట్లో కనబడిన ప్రతివారికీ చెప్పాను.

దాదాపు డెబ్భై అయిదేళ్ళ తరువాత ఆ పని కలకత్తాలోనే మళ్ళీ లేచింది. 1908 ప్రాంతంలో లెనార్డ్ రోజర్స్ అక్కడ కలరా రోగులకి మామూలుకంటే చిక్కని ఉప్పునీళ్ళు నరంలోకి ఇచ్చాడు. ఆయన ఆస్పత్రిలో కలరా చావులు దాదాపు సగానికి తగ్గాయి.

మధ్యలో ఇంతకాలం ఎందుకు పట్టింది? ఒక కారణం నీళ్ళే. నరంలోకి ఏది పోస్తున్నామన్నది అప్పటిదాకా ఎవరికీ పూర్తిగా తెలియదు. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెని ఉప్పునీళ్ళలో ఉంచి కొట్టిస్తున్నాడు. చక్కగా కొట్టింది. తీరా చూస్తే సహాయకుడు వాడింది డిస్టిల్డ్ వాటరు కాదు, కుళాయి నీళ్ళు. ఆ నీళ్ళలో ఉన్న కాల్షియం వల్లే గుండె నడిచింది. అలా పుట్టిన రింగర్ ద్రావణానికి 1930లలో అమెరికాలో అలెక్సిస్ హార్ట్‌మన్ లాక్టేట్ చేర్చాడు. మన ఊళ్ళలో ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గర కూడా "ఆర్.ఎల్. పెట్టండి" అని వినబడుతుంది కదా, ఆ ఆర్ రింగర్ పేరే.

రెండో సంగతి జ్వరం. సెలైన్ ఎక్కిస్తే కొందరికి చలి, వణుకు, జ్వరం వచ్చేవి. నీళ్ళు మరిగించినా వచ్చేవి. దీన్ని తేల్చింది ఫ్లారెన్స్ సైబర్ట్ అనే శాస్త్రవేత్త. చిన్నప్పుడు పోలియో వచ్చి కుంటుతూ నడిచిన మనిషి. 1923లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆమె చూపించింది ఏమిటంటే, బాక్టీరియా చచ్చినా వాటి విషపదార్థం నీళ్ళలో ఉంటుంది. నీళ్ళు ఆవిరి పట్టేటప్పుడు తుంపర్లతో పాటు అది కూడా అవతలికి దాటుతుంది. ఆ తుంపర్లని ఆపే అమరిక ఆమే తయారుచేసింది. దాని తరువాతే ఫ్యాక్టరీలో తయారైన సెలైన్ సీసాలు ధైర్యంగా వాడగలిగారు. అమెరికాలో అవి 1931 నుంచి అమ్మకానికి వచ్చాయి.

ఇక గొట్టం సంగతికి వద్దాం. చేతి నరానికి ఇచ్చేది చేతి నరం తట్టుకోగలిగేది అయ్యుండాలి. చిక్కటి చక్కెర, ఘాటైన మందులు చిన్న నరాన్ని కాల్చేస్తాయి. గుండె దగ్గర పెద్ద నరంలో అయితే నిమిషానికి లీటర్ల కొద్దీ రక్తం పారుతుంటుంది, ఏది పడినా వెంటనే పలచబడుతుంది. బావిలో చెంబుడు ఉప్పు వెయ్యడానికీ గోదావరిలో వెయ్యడానికీ ఉన్న తేడా అది. అయితే గుండె దాకా గొట్టం పంపితే మనిషి బతుకుతాడా?

1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డె అనే చిన్న ఊళ్ళో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు దీనికి జవాబు తన చేతి మీదే వెతికాడు. పై డాక్టరు వద్దన్నాడు. పరికరాల తాళాలు గెర్డా డిట్సెన్ అనే నర్సు దగ్గర ఉన్నాయి. ఆమె తన మీదే చెయ్యమని ముందుకొచ్చింది. ఆమెను బల్లకి కట్టి, ఆమెకే చేస్తున్నట్టు నటించి, ఆయన తన మోచేతి నరంలోంచి మూత్రనాళానికి వాడే గొట్టాన్ని సుమారు 65 సెంటీమీటర్లు లోపలికి తోశాడు. తరువాత ఆ గొట్టంతోనే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, కొస గుండెలో ఉందని ఫొటో తీయించుకున్నాడు. ఈ కథ అందరూ సాహసం అని చెప్పుకుంటారు. ఆయన ఉద్దేశం మాత్రం సాహసం కాదు, అత్యవసరంలో మందు నేరుగా గుండె దగ్గరికి చేర్చడం. అపెండిక్స్ పగిలి చావుబతుకుల్లో ఉన్న ఒక రోగికి ఆయన అలా మందులు, గ్లూకోజు పంపాడు కూడా. కాసేపు తేరుకుని ఆ రోగి చనిపోయాడు. పైవాళ్ళు మెచ్చుకోలేదు. ఫోర్స్‌మన్ చివరికి మూత్రవ్యాధుల డాక్టరుగా స్థిరపడ్డాడు. 1956లో అమెరికాలో ఈ పని ముందుకు తీసుకుపోయిన కూర్నాన్, రిచర్డ్స్ ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు.

తరువాత దారి సులువైంది. 1952లో ఫ్రెంచి వైద్యుడు ఒబానియాక్ మెడ ఎముక కింద ఉన్న పెద్ద నరాన్ని సూదితో అందుకునే పద్ధతి రాశాడు. 1953లో స్వీడన్‌లో సెల్డింగర్ అనే ఎక్స్‌రే డాక్టరు ఒక చిన్న ఉపాయం చెప్పాడు. ముందు సూది, సూదిలోంచి సన్నని తీగ, సూది తీసెయ్యి, తీగ మీదుగా గొట్టం, తీగ తీసెయ్యి. ఇంతే. లావు సూదితో నరం చించాల్సిన పని పోయింది. ఇప్పటికీ రోజూ ప్రపంచమంతా చేసేది ఇదే. 1968లో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డూడ్రిక్ బృందం ఇంకో అడుగు వేసింది. నోటితో ఏమీ తినకుండా, గుండె దగ్గర నరంలోకి మొత్తం ఆహారం పంపి బీగిల్ కుక్కపిల్లలని పెంచి చూపించారు. అదే పద్ధతిలో పేగు దాదాపు లేని ఒక పసిబిడ్డకి కూడా ఆహారం ఇచ్చారు.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. గొట్టం ఒకటి, పనులు నాలుగు. ఆహారం దిగుతున్న దారిలో మందు వెయ్యకూడదు. రక్తపోటు నిలబెట్టే నోరడ్రినలిన్ ఒక్క నిమిషం ఆగకూడదు, అదే దారిలో ఇంకో మందు తోస్తే లోపల ఉన్నదంతా ఒక్కసారిగా గుండెకు పోతుంది. కొన్ని మందులు కలిస్తే గట్టిపడతాయి. కాల్షియం, సోడా బైకార్బొనేటు కలిస్తే సుద్ద అవుతుంది, నిజంగా సుద్దే. మూర్ఛకి ఇచ్చే ఫెనిటోయిన్ గ్లూకోజు నీళ్ళలో పడితే గడ్డకడుతుంది. సాంబారు, పెరుగు, పాయసం ఒకే గిన్నెలో పొయ్యకూడదని గుడి వంటశాలలో చిన్నపిల్లకి కూడా తెలుసు. అయితే రోగికి మూడు చోట్ల పొడిచి మూడు గొట్టాలు పెట్టాలా?

ఒక గొట్టంలో రెండు దారులన్న ఆలోచన వేరే చోట అప్పటికే ఉంది. 1930లలో అమెరికా డాక్టరు ఫ్రెడరిక్ ఫోలీ మూత్రానికి పెట్టే గొట్టంలో రెండో సన్నని దారి పెట్టాడు. దానిలోంచి నీళ్ళు పంపితే కొస దగ్గర బుడగ ఉబ్బి గొట్టం జారకుండా పట్టుకుంటుంది. ప్రోస్టేట్ ఆపరేషన్ తరువాత మూడో దారి ఉన్న ఫోలీ పెడతారు. ఒక దారి లోపలికి నీళ్ళు పంపి రక్తపు గడ్డలు కడుగుతుంది, ఒకటి బయటికి తెస్తుంది, ఒకటి బుడగకి. 1970లో లాస్ ఏంజెలిస్‌లో జెరెమీ స్వాన్, విలియం గాంజ్ గుండెకి అలాంటిదే చేశారు. సముద్రంలో తెరచాప పడవ గాలికి పోవడం చూసి స్వాన్‌కి ఆలోచన వచ్చిందని చెప్తారు. కొస దగ్గర చిన్న బుడగ ఉబ్బిస్తే రక్తప్రవాహమే గొట్టాన్ని గుండెలోంచి ఊపిరితిత్తుల నాళంలోకి లాక్కుపోతుంది. ఒక దారి బుడగకి, ఇంకొకటి ఒత్తిడి కొలవడానికి. తరువాత దారులు పెరిగాయి. ఐసీయూలలో దీన్ని విపరీతంగా వాడారు. 1996లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో ఇది పెట్టిన రోగులే ఎక్కువమంది చనిపోయినట్టు కనబడింది, వాడకం తగ్గింది. దారులు ఎక్కువైతే మేలు ఎక్కువ అనుకోకూడదని అప్పుడు అందరికీ తెలిసింది.

మెడలో పెట్టే మూడు దారుల గొట్టం 1980ల మొదట్లో ఆస్పత్రులకి వచ్చింది. దాని కొలతలు చూడండి. పెద్దవాళ్ళకి వాడేది సాధారణంగా 7 ఫ్రెంచి. ఈ ఫ్రెంచి కొలత పారిస్‌లో పరికరాలు చేసిన షరియేర్ అనే ఆయనది. ఒక ఫ్రెంచి అంటే మిల్లీమీటరులో మూడో వంతు. అంటే మొత్తం గొట్టం మందం 2.3 మిల్లీమీటర్లు, ఒక అగ్గిపుల్ల కంటే కాస్త లావు. అందులో మూడు దారులు! ఒకటి కొస దగ్గర తెరుచుకుంటుంది, మిగతా రెండూ దానికి వెనకగా, కాస్త కాస్త దూరంలో పక్కగోడలో తెరుచుకుంటాయి. ఈ దూరమే రహస్యం. ఒక దారిలోంచి వచ్చిన మందుని రక్తం వెంటనే లాక్కుపోయి పలచన చేస్తుంది, పక్క దారిలో మందుతో గొట్టం లోపల కలిసే అవకాశమే ఉండదు. బయట మూడు కొసలకి మూడు రంగులు. ఎక్కువగా కనిపించే రకంలో గోధుమరంగు, నీలం, తెలుపు. గోధుమరంగు కొస దారికి.

ఈ సౌకర్యానికి చెల్లించే ధర ఒకటుంది. 1840ల ప్రాంతంలో పారిస్‌లో పోయిసెయ్ అనే వైద్యుడు సన్నని గాజుగొట్టాల్లో నీళ్ళు పంపి లెక్క కట్టాడు. గొట్టం సగం సన్నబడితే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. పొడుగు రెట్టింపైతే మళ్ళీ సగం. కాబట్టి ఒక గొట్టాన్ని మూడుగా చీల్చి 20 సెంటీమీటర్లు పొడుగు చేస్తే నీళ్ళు మెల్లగా వెళ్తాయి. రోడ్డు ప్రమాదంలో రక్తం కారిపోతున్న మనిషికి మెడలో మూడు దారుల గొట్టం కంటే, చేతికి పెట్టే పొట్టి లావు కాన్యులాలు రెండు ఎక్కువ పనికొస్తాయి. చూసేవాళ్ళకి మెడలో గొట్టం గొప్ప వైద్యంలా కనబడుతుంది. "ఇంకా మెడకి పెట్టలేదేంటి?" అని డాక్టరుతో పోట్లాడే చుట్టాలని నేను చూశాను. పోయిసెయ్ లెక్క వాళ్ళకి ఎవరైనా చెప్పాలి. (ఇంకో తమాషా: ఫ్రెంచి అంకె పెరిగితే గొట్టం లావు, సూదుల గేజి అంకె పెరిగితే సన్నం. రెండూ ఒకే ట్రేలో ఉంటాయి.)

రెండు దారుల గొట్టానికి ఇంకో పెద్ద పని డయాలసిస్. నన్ను ఈ విషయం చదివించింది కూడా అదే. మా గుడిలో పండగలకి పులిహోర కలిపే ఒక పెద్దాయన ఉన్నారు, నేను బాబాయిగారు అంటాను. మెడకింద గొట్టం పెట్టించుకుని వచ్చారు, బయటికి రెండు కొమ్ములు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. "ఏమ్మా, ఈ రెంటిలో ఏది పోయేది, ఏది వచ్చేది? వాళ్ళు ఇంగ్లీషులో గబగబా చెప్పేశారు" అన్నారు. ఆయన భయం నొప్పి గురించి కాదు, తన రక్తం ఎటు పోతోందో తెలియకపోవడం గురించి.

కిడ్నీ పనిచెయ్యకపోతే రక్తాన్ని బయటికి తీసి, కడిగి, తిరిగి లోపలికి పంపాలి. నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్లు. 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ చేతి ధమనికీ నరానికీ టెఫ్లాన్ గొట్టాలు శాశ్వతంగా అమర్చాడు. 1961లో లండన్‌లో షాల్డన్ తొడ దగ్గర గొట్టాలు పెట్టాడు. 1966లో సిమినో, బ్రెషియా బృందం చేతిలోనే ధమనిని నరంతో కలిపి కుట్టే ఫిస్టులా చెప్పారు, ఇప్పటికీ అదే అన్నిటికంటే మంచిది. కానీ ఫిస్టులా తయారవడానికి వారాలు పడుతుంది. రోగికి ఈ రోజే డయాలసిస్ కావాలి. ఒకే పోటుతో, ఒకే గొట్టంలో తీసే దారి, ఇచ్చే దారి రెండూ ఉంటే ఎంత బాగుంటుంది?

మొదట్లో గొట్టంలో గొట్టం పెట్టారు. లోపలి గొట్టం చుట్టూ మిగిలే సందు రింగులా ఉంటుంది. ఆ సందులో రక్తం పోతుంటే రెండు గోడలూ రాసుకుంటాయి. రక్తం నీళ్ళు కాదు, ఎక్కువ రాపిడికి దానిలోని కణాలు చితికిపోతాయి. చికాగోలో కిడ్నీ డాక్టరు సఖారాం మహుర్కర్ దీనికి వేరే రూపం ఇచ్చాడు. పేరు చూస్తేనే మన వైపు మనిషి అని తెలుస్తుంది. గుండ్రని గొట్టం మధ్యలో ఒక తిన్నని గోడ. కోసి చూస్తే రెండు ఇంగ్లీషు డి అక్షరాలు వీపు వీపు ఆనించుకున్నట్టు ఉంటుంది. గోడకి తగిలే రక్తం తగ్గింది. తీసే దారి వెనక ఆగిపోతుంది, ఇచ్చే దారి ఇంకా ముందుకు సాగి, సన్నబడి, గుండ్రమై, సూదిగా ముగుస్తుంది. మొన సూదిగా ఉంది కాబట్టి తీగ మీద సులువుగా జారుతుంది. ఇచ్చే చోటు ముందు ఉంది కాబట్టి కడిగిన రక్తం ప్రవాహంతో గుండె వైపు పోతుంది, తీసే దారి దాన్నే మళ్ళీ లాక్కోదు.

బాబాయిగారికి నేను చెప్పింది ఇదే. ఎరుపు కొమ్ము బయటికి తీసేది, నీలం కొమ్ము కడిగి తిరిగి ఇచ్చేది. రెండూ ఉన్నది ఒకే నరంలో. ఎరుపు అంటే ధమని అనుకోనక్కర్లేదు. ఆయన ఒక నిమిషం ఆలోచించి "కాలవకి పైన మురుగు తూము, కింద మంచినీళ్ళ తూము పెట్టినట్టు" అన్నారు. నాకు ఇంతకంటే బాగా చెప్పడం చేతకాలేదు. ఆయనది శ్రీకాకుళం జిల్లా. అక్కడ ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు, కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని తాకిందో తెలుగు పత్రికలు చదివేవారందరికీ తెలుసు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ పల్లెల్లో ఈ రెండు కొమ్ములు చూడని వీధి లేదని ఆయన అన్నారు.

మహుర్కర్ గొట్టం కోర్టుకి కూడా ఎక్కింది. 1982 మార్చిలో ఆయన అమెరికాలో దాని ఆకారం కోసం దరఖాస్తు పెట్టాడు. అందులో ఉన్నవి ఆరు బొమ్మలు, వివరణ ఏమీ లేదు. అదే ఏడాది ఆగస్టులో కెనడాలో ఆకారం రిజిస్టరు అయింది. గొట్టం పనితీరు మీద అసలు పేటెంటు కోసం అమెరికాలో దరఖాస్తు పెట్టింది 1984 అక్టోబరులో. పోటీ కంపెనీ వాదన ఏమిటంటే, 1982 నాటి బొమ్మలు లెక్కలోకి రావు, కాబట్టి పేటెంటు తేదీ 1984, అంతకు రెండేళ్ళ ముందే కెనడాలో బయటపడిన సొంత ఆకారమే దాన్ని చెల్లకుండా చేస్తుంది. అంటే ఆయన గొట్టం ఆయనకే అడ్డం! కింది కోర్టు ఒప్పుకుంది. 1991లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ సర్క్యూట్ కోర్టు దాన్ని తోసిపుచ్చి కేసు వెనక్కి పంపింది. ఆ రంగం తెలిసినవాడికి బొమ్మ చూస్తే విషయం అర్థమైతే, మాటలు లేకపోయినా బొమ్మ చాలు అంది. ఈ తీర్పు ఇప్పటికీ అమెరికా లా కాలేజీల్లో పాఠంగా చెప్తారు. లా చదివే పిల్లలు ఎంతమందికి అది ఎవరి మెడలో ఉండే వస్తువో తెలుసో నాకు అనుమానమే.

ఇన్ని దారులున్న గొట్టానికి తలుపులు కూడా అన్ని ఉంటాయి. ప్రతి తలుపూ సూక్ష్మజీవికి తలుపే. గొట్టంలోంచి రక్తానికి ఇన్ఫెక్షన్ రావడం ఐసీయూ రోగులని ఎంతోమందిని చంపింది. చాలాకాలం డాక్టర్లు దీన్ని తప్పనిసరి నష్టం అనుకున్నారు. జాన్స్ హాప్కిన్స్‌లో పీటర్ ప్రోనోవోస్ట్ అలా అనుకోలేదు. ఒక కాగితం మీద అయిదు పనులు రాశాడు. చేతులు కడుక్కో. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడువు. రోగిని పూర్తిగా కప్పి, టోపీ, మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకో. వీలైతే తొడ దగ్గర పెట్టకు. అవసరం తీరిన గొట్టం తీసెయ్యి. ఇందులో కొత్తది ఏమీ లేదు. కొత్త సంగతి ఏమిటంటే, డాక్టరు ఒక మెట్టు తప్పితే నర్సు ఆపవచ్చు. మిషిగన్ రాష్ట్రంలో నూటికి పైగా ఐసీయూలలో దీన్ని అమలు చేశారు. 2006లో ఫలితం ప్రచురించారు. ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త గొట్టం లేదు. ఫోర్స్‌మన్‌కి నోబెల్ ఇచ్చారు కానీ, లెక్క వేస్తే ఈ కాగితం కాపాడిన ప్రాణాలు తక్కువేమీ కాదని నా అభిప్రాయం. గెర్డా డిట్సెన్ కాలంలో నర్సు చేతిలో తాళంచెవి మాత్రమే ఉంది, ఇప్పుడు ఆపే అధికారం కూడా ఉంది. అమెరికా ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా అవసరానికి మించి దారులు ఉన్న గొట్టం పెట్టవద్దనే చెప్తున్నాయి.

ఇక్కడ కలకత్తా మళ్ళీ ఒకసారి రావాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం. సరిహద్దు ఊరు బన్‌గావ్‌లో శరణార్థుల శిబిరంలో కలరా. డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. ఆయన ఉప్పు, సోడా, గ్లూకోజు డ్రమ్ముల్లో నీళ్ళలో కలిపించి, తల్లుల చేత, చుట్టాల చేత రోగులకి కప్పుల్తో తాగించాడు. శిబిరంలో చావులు మూడో వంతు దగ్గరనుంచి నూటికి నాలుగు లోపుకి దిగాయి. లాటా ముసలావిడకి పట్టిన ఆరు పింట్లు చాలామందికి నోటితోనే పట్టవచ్చని తేలింది. ఆయన 2022లో పోయారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు. నరం, గొట్టం, దారులు ఇవన్నీ తాగలేని మనిషికి.

ఇంకా పూర్తిగా తీరని చిక్కు గొట్టాల కొసల్లో ఉంది. సిరంజి కొస, సెలైన్ గొట్టం కొస, ముక్కులోంచి పొట్టకి పాలు పంపే గొట్టం కొస, వెన్నులో మత్తు గొట్టం కొస, చాలాకాలం ఇవన్నీ ఒకదానికొకటి అతికేవి. పందొమ్మిదో శతాబ్దం చివర పారిస్‌లో లూయర్ కంపెనీ గాజు సిరంజికి పెట్టిన వాలు కొస అంత బాగా అతుకుతుంది. అందువల్లే ప్రపంచమంతా దాన్నే వాడింది. అందువల్లే అలసిపోయిన ఒక రాత్రి, పొట్టకి పోవాల్సిన పాలు నరంలోకి పోయి పసిబిడ్డలు చనిపోయిన ఘటనలు జరిగాయి. 2010 తరువాత ఐఎస్ఓ 80369 అనే వరుసలో కొత్త కొసల ప్రమాణాలు తెచ్చారు. పొట్ట గొట్టానికి ఒక ఆకారం, వెన్నుకి ఒక ఆకారం, నరానికి పాత లూయర్. ఒకటి ఇంకోదానికి ఎక్కదు. పాత రకం కొసలు ఇంకా చాలా ఆస్పత్రుల అలమరల్లో ఉన్నాయి. మీవాళ్ళ మంచం పక్కన కూర్చున్నప్పుడు ఒక్కొక్క గొట్టాన్ని సీసా దగ్గరనుంచి ఒంటి దాకా వేలితో వెంబడించి చూడండి. మంచి నర్సులు కూడా కొత్త గొట్టం కలిపే ముందు ఇదే చేస్తారు.